రంగు గడి

పోయినవారం మా బావను ఆస్పత్రి మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద కూర్చోబెట్టి కథ ఆపాను. ఆయనకు కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ ఉంది. సూది పెట్టి ముక్క తీయబోతే రక్తం పొంగి, రెండు రోజులు ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. దొరికిన ఆ కాస్త ముక్కా నలిగిపోయింది. ఏ రకం క్యాన్సరో తేల్చుకోలేక డాక్టర్లు రక్తపరీక్ష వైపు చూశారు. రక్తం ‘చిన్న కణాల రకం’ అని చెప్పింది. ఆ రకానికి సాధారణంగా కత్తి పెట్టరు, మందు ఎక్కించడమే. గురువారం పదకొండింటికి మొదటి సీసా అని ఊపిరితిత్తుల డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఆ రక్తాన్ని తీసిందీ, పరీక్షించిందీ నేనే. ఆ సంగతి పోయినవారమే చెప్పాను, కాస్త గొప్పగానే చెప్పాను. ఇప్పుడు వినండి నా గొప్ప ఏపాటిదో.

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు ల్యాబు తలుపు తీశాను. మా ల్యాబు అదే ఆస్పత్రిలో కింది అంతస్తులో, మెట్ల పక్కన ఉంటుంది. తలుపు మీద ‘రక్త పరీక్షలు’ అన్న బోర్డు బావ రాసిందే. నలభై ఏళ్ళుగా ఆయన పని బోర్డులు రాయడం. “నేను రాసిన అక్షరాలకే గ్యారంటీ మరదలా, తలుపు అవతల జరిగేవాటికి నాది పూచీ కాదు,” అని వచ్చినప్పుడల్లా ఆటపట్టించేవాడు. నేను మూతి తిప్పుకునేదాన్ని.

బల్ల మీద డాక్టరమ్మ చీటీ ఉంది. ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి రోగానికి పేరు పెట్టే మనిషి ఆవిడ, మా ల్యాబుకు పెద్ద. “మీ బావగారి శాంపిల్ మిగిలి ఉంటే ఇంకో మార్కరు కూడా చేసి ఫైల్లో పెట్టండి, మందు మొదలయ్యేలోపు,” అని రాసింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పరీక్షయ్యాక మిగిలిన శాంపిల్ పారెయ్యం. ఎవరికైనా అనుమానం వస్తే మళ్ళీ చూడ్డానికి ఏడు రోజులు ఫ్రిజ్‌లో ర్యాకుల్లో ఉంచుతాం. ఏడో రోజు సాయంత్రం నాలుగింటికి చెత్త బండి వచ్చి పట్టుకుపోతుంది. బావది సోమవారపు ర్యాకులో ఉంది. తీశాను.

కొత్త పరీక్షకు కొత్త స్టిక్కరు అంటించాలి. పాతది మందంగా ఉండి కొత్తది పైకి లేచిపోతోంది. లేచిన స్టిక్కరును మిషను చదవదు. విసుగొచ్చి పాతదాన్ని గోటితో పీకేశాను. అది ట్యూబు చుట్టూ ఒక చుట్టు తిరిగి ఉంది. నేనే, మా అక్క వంటింట్లో నిలబడి, చక్కగా నొక్కి అంటించిన స్టిక్కరది. అది ఊడి రాగానే లోపలి సీరం, అంటే గడ్డకట్టిన రక్తం పైన తేలే నీరు, కనిపించింది.

గులాబీ రంగులో ఉంది.

ఆ రంగు ఉండకూడదు. ఎందుకో చెప్పాలంటే మా పని రెండు ముక్కల్లో చెప్పాలి. గడ్డలు రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతాయి, వాటినే మార్కర్లంటాం. ఎన్‌ఎస్‌ఈ అనేది బాగా పెరిగితే చిన్న కణాల రకమని అనుమానం. సైఫ్రా అనేది పెరిగితే రెండో తరహా అని అనుమానం. ఆ రెండో తరహా పాకకముందే దొరికితే కోసి తీసేయొచ్చు. ఇవి సాక్షులే గాని న్యాయమూర్తులు కావు, తీర్పు ముక్కదే. కానీ ముక్క నలిగి నోరు మూసుకుంటే సాక్షి మాటే నెగ్గుతుంది. ఎన్‌ఎస్‌ఈ మా లెక్క ప్రకారం పదహారు దాటకూడదు. బావకు అరవై ఎనిమిది వచ్చింది. సైఫ్రా కూడా ఎక్కువే ఉంది గాని, అరవై ఎనిమిది పక్కన దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు.

ఈ ఎన్‌ఎస్‌ఈకి ఒక పాడు గుణం ఉంది. అది ఎర్రకణాల్లోనూ ఉంటుంది. తీసిన రక్తాన్ని త్వరగా మిషనులో గిర్రున తిప్పి సీరం వేరు చెయ్యకపోయినా, ట్యూబు కుదుపులు తిన్నా, ఎర్రకణాలు పగిలి వాటిలోది సీరంలో కలుస్తుంది. అప్పుడు ఒంట్లో లేని రోగం ట్యూబులో కనిపిస్తుంది. దానికి గుర్తు రంగే. మంచి సీరం లేత పసుపు, కణాలు పగిలితే గులాబీ. మా మిషను ముసలిది, రంగు దానికి తెలియదు, పోసింది కొలుస్తుంది. చూడాల్సింది మనిషి కన్ను. అందుకే మా రిజిస్టరులో ‘రంగు’ అని ఒక గడి ఉంది. పదకొండేళ్ళ కిందట అందరితో పోట్లాడి ఆ గడి గీయించింది ఎవరనుకున్నారు? నేనే. దీపం కింద చీకటంటే ఇదే.

రిజిస్టరు తెరిచాను. సోమవారం పేజీలో మొదటి వరసలో ‘పసుపు’ అని నా అక్షరాలు. దాని కింద ఇరవై రెండు వరసలకూ పొట్టి జంట గీతలు. పైదే, పైదే, పైదే అని. ఉదయం ట్యూబులు రాకముందే కాగితం సిద్ధం చేసుకుంటూ గీసేస్తాను. ఎప్పుడు మొదలైందో ఆ అలవాటు, నాకే తెలియదు. వందకు తొంభై తొమ్మిది పసుపే కదా అని చెయ్యి తనంతట తాను రాసేస్తుంది. బావది పదిహేడో వరస. అక్కడా రెండు గీతలే.

సోమవారం ఏం జరిగిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. బావ ఐసీయూ నుంచి ఇంటికి వచ్చి నాలుగు రోజులే అయింది, ల్యాబు క్యూలో నిలబడలేడని ఇంట్లోనే తీస్తానన్నాను. “మా చెల్లెలి చేతికి నొప్పి తెలియదు,” అని అక్క పక్కింటావిడతో మురిసిపోతూ చెప్పింది. ఆయన నరాలు సన్నగా ఉన్నాయి, సిరంజిని బలంగా లాగాను. ట్యూబును టిఫిను డబ్బా పక్కన సంచిలో పడేసుకుని బస్సెక్కాను. దారిలో రోడ్డు తవ్వకాలు. గంటలో రావాల్సిన దాన్ని రెండున్నర గంటలకు చేరాను. ఏడ్చుకుంటూ క్యూలో నిలబడినవాళ్ళ రక్తం నిక్షేపంగా ఉంది. నా సొంత మనిషి రక్తం మాత్రం నా ఒళ్ళో పగిలిపోయింది.

ట్యూబు పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళాను. ఆవిడ దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, మెల్లగా దించింది.

“సోమవారం రంగు ఏమని రాశావు?”

“పసుపని.”

“చూసి రాశావా?”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఆ నలిగిన ముక్కతో రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. అటో ఇటో తేలలేదు. నీ అంకె చూసి సంతకం పెట్టాను. నీదని పెట్టాను. ఇంకొకరిదైతే మళ్ళీ చేయించేదాన్ని.”

తిట్టినా బాగుండేది.

“ఇదొక్కటేనా?” అంది.

“ఒక్కటే డాక్టరమ్మా. ఇంటి దగ్గర తీశాను కాబట్టి ఇలా అయింది.” తడుముకోకుండా చెప్పాను. గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకే వింతగా అనిపించింది.

“అయితే వెళ్ళు. మళ్ళీ రక్తం తియ్యి. గంటలో అంకె నా బల్ల మీద ఉండాలి. పదకొండు దాకా మందు ముట్టుకోవద్దని పైకి నేను ఫోన్ చేస్తాను. ఆ తర్వాత ఆపడం నా చేతిలో లేదు. నిజంగా చిన్న కణాల రకమే అయితే ఒక్క రోజు ఆలస్యం కూడా తప్పే.”

మూడో అంతస్తుకు చేరేసరికి తొమ్మిదీ ముప్పావు. బావ ఎడమచేతికి అప్పటికే సెలైన్ ఎక్కుతోంది. స్టాండుకు రెండో కొక్కెం ఖాళీగా ఉంది, మందు సీసా కోసం. అక్క మంచం పక్క స్టూలు మీద కూర్చుని తువ్వాలు మడతపెడుతోంది. మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది.

“రా మరదలా. ఉదయాన్నే గడ్డం గీసి, తల దువ్వి, పెళ్ళికొడుకుని చేసి కూర్చోబెట్టింది మీ అక్క. పెళ్ళికూతురు పదకొండింటికి వస్తుందట, సీసాలో,” అన్నాడు బావ.

ఎప్పుడూ అయితే ఒకటికి రెండు అంటించేదాన్ని. నా మొహం చూసి ఆయనే తగ్గాడు.

“ఏమైంది?”

“బావా, నీ రక్తం రిపోర్టు తప్పయి ఉండొచ్చు.”

అక్క చేతిలో తువ్వాలు ఆగింది. “తప్పంటే?”

చెప్పాను. సంచి, బస్సు, స్టిక్కరు, జంట గీతలు, అన్నీ చెప్పాను. మధ్యలో సర్ది చెప్పుకోవాలని నాలుక దురద పెట్టింది. రోడ్డు తవ్వారని, మిషను ముసలిదని. రెండూ నిజమే, అయినా మింగేశాను. చూసి ఉంటే తెలిసేది, నేను చూడలేదు, అని ముగించాను.

బావ బోర్డులు రాసే పనివాడి గొంతుతో అడిగాడు.

“ఏ రంగు?”

“గులాబీ.”

“ముదురా, లేతా?”

“లేత. ఎర్ర కుంచెను నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసినట్టు.”

“అది తెలియకుండా పోయే రంగు కాదే,” అన్నాడు. అందులో నింద లేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. అదే ఎక్కువ తగిలింది నాకు.

అక్క లేచి నిలబడింది. మా అక్క గొంతు పెంచి మాట్లాడటం నేను ఎప్పుడో తప్ప వినలేదు. పదేళ్ళప్పుడు నన్ను తన దగ్గరికి తెచ్చుకుని, చదివించి, ఈ ఉద్యోగంలో కుదిరేదాకా కనిపెట్టుకున్న మనిషి. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

“అంటే ఇన్నాళ్ళూ మేం ఏడ్చిన రోగం ఈయన ఒంట్లోది కాదు, నీ సంచిలోది అన్నమాట.”

“రోగం ఉందక్కా. గడ్డ ఉంది. ఏ రకమో తప్పు చెప్పి ఉంటాను.”

“ఏ రకమో! ఆ రకం పేరు చెప్పి, ఏడాదో రెండేళ్ళో అన్నాడే ఆ డాక్టరు! నేను విని ఊరుకోలేదే, నిజమనుకున్నాను! ఈయన చొక్కాలు పెట్టెలో సర్దుతూ, ఏది ఎవరికివ్వాలా అని ఆలోచించాను. బతికున్న మనిషి పక్క గదిలో దగ్గుతుంటే ఆలోచించాను. నీకు అర్థమవుతోందా?”

“అక్కా...”

“కళ్ళెక్కడ పెట్టుకున్నావే? ముప్పై ఏళ్ళ నుంచి నీకు ఇదే కదా పని, ఆ ట్యూబుల మొహం చూడ్డం! పరాయివాళ్ళకైతే ఇలా చేస్తావా?”

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసనుకున్నాను అప్పటికి.

ట్యూబూ సూదీ ఉన్న ట్రే మంచం మీద పెట్టి, బావ కుడిచెయ్యి అందుకోబోయాను. అక్క మధ్యకు వచ్చింది.

“నీ చెయ్యి వద్దు.”

“టైం లేదక్కా. పదకొండు లోపు...”

“వార్డు సిస్టరును పిలుస్తాను. కొత్తమ్మాయైనా సరే, నొప్పెట్టినా సరే. నీ చేతికి నొప్పి తెలియదని పదిమందికి చెప్పుకున్నదాన్ని నేనే. ఇక నీ చెయ్యి ఈయన మీద పడనివ్వను.”

పడనివ్వలేదు. వార్డు సిస్టరు వచ్చి తీసింది. మొదటిసారి నరం దొరకలేదు, బావ పళ్ళు బిగించాడు. నేను గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. సిగ్గుతో చెవులు మండాయి.

ట్యూబు నా చేతికిచ్చినప్పుడు బావ నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

“బోర్డు మీద అక్షరం తప్పు పడితే ఏం చేస్తానో చూశావుగా చిన్నప్పుడు?”

“తడిగుడ్డతో తుడిచేసేవాడివి.”

“రంగు ఆరకముందు తుడిస్తే మచ్చ కూడా ఉండదు. ఆరిందా, గీకాలి. గీకితే చెక్క లేస్తుంది. నా రంగు ఇంకా ఆరలేదు, సీసా రాలేదు కదా. వెళ్ళు, నిలబడి ఏడవకు.”

“ఏడవట్లేదు.”

“అయితే మొహమే అంత అన్నమాట. పాపం,” అన్నాడు. అక్క అటు తిరిగి నిలబడే ఉంది.

మెట్ల దగ్గరికి వచ్చాక పరిగెత్తబోయి ఆగాను. పరిగెత్తితే ట్యూబు కుదుపుతుంది, మళ్ళీ అదే కథ. మూడంతస్తులూ, ట్యూబును గుండె దగ్గర నిలువుగా పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగాను. గడియారం ముల్లు పరిగెడుతోంది, నేను నడుస్తున్నాను. నా జన్మలో అంత కష్టమైన నడక నడవలేదు.

గడ్డకట్టడానికి అరగంట. తిప్పడానికి పది నిమిషాలు. మూత తీసేముందు వెలుగుకు ఎత్తి చూశాను. లేత పసుపు. ఆ రంగు చూసి అంత ఆబగా ఊపిరి పీల్చుకోవడం నా ఉద్యోగంలో అదే మొదలు. మిషనుకు పెట్టి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాను. పదకొండుకు నాలుగు నిమిషాలుండగా కాగితం బయటికి వచ్చింది.

ఎన్‌ఎస్‌ఈ పదమూడు. సైఫ్రా తొమ్మిది, అంటే ఉండాల్సినదానికి దాదాపు మూడింతలు.

డాక్టరమ్మ అది చదివి ఫోన్ తీసింది. ఊపిరితిత్తుల డాక్టరు అయిదు నిమిషాల్లో దిగి వచ్చాడు. ఇద్దరూ నా ముందే మాట్లాడుకున్నారు, నేను బల్లనో కుర్చీనో అయినట్టు. మందు ఆపేశారు. గొంతులోంచి గొట్టం పంపి ఇంకో వైపు నుంచి ముక్క తీసే ప్రయత్నం శనివారం. అది రెండో తరహా అని తేలి, స్కానులో ఎక్కడికీ పాకలేదని కనిపిస్తే, కోసేవాళ్ళతో మాట్లాడతారు.

“సంబరపడకండి,” అన్నాడు డాక్టరు నా వైపు తిరిగి. “ఆయన ఊపిరితిత్తులు అంతంతమాత్రం. ఆపరేషన్‌కు తట్టుకుంటాడో లేదో కూడా చూడాలి. ఇది ఒక తలుపు తెరిచి ఉందని చెప్పడమే.”

తెరిచి ఉందన్నాడు, నాకు అది చాలు. పైకి ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. చెప్పాను. “సరే” అని పెట్టేసింది. క్షమించిందో లేదో ఆ ఒక్క మాటలో తెలియలేదు. అడిగే ధైర్యమూ నాకు లేదు.

మధ్యాహ్నం రిజిస్టరు సరిదిద్దడానికి కూర్చున్నాను. తప్పును చెరపకూడదు, కొట్టేసి ఎర్రసిరాతో పక్కన రాసి సంతకం పెట్టాలి. పదిహేడో వరసలో జంట గీతలు కొట్టేసి ‘గులాబీ’ అని రాశాను. రాశాక ఆ గీతలు ఇంకెన్ని ఉన్నాయో చూడకుండా ఉండలేకపోయాను. పేజీ వెనక్కి తిప్పాను. పైన ‘పసుపు’, కింద గీతలు. ఇంకో పేజీ, గీతలు. పోయిన గురువారానికి వచ్చాను.

తొమ్మిదో వరస దగ్గర వేలు ఆగింది. నలభై రెండేళ్ళ ఆవిడ, లైబ్రరీలో ఉద్యోగం. ఆవిడకూ గొట్టంతో తీసిన ముక్క సరిపోలేదు, ఆవిడకూ రక్తాన్ని బట్టే ఎటో తేల్చారు. ఎన్‌ఎస్‌ఈ డెబ్భై ఒకటి. శాంపిల్ ఎక్కడిదన్న గడిలో నేనే రాశాను, బయటి సెంటరు నుంచి వచ్చిందని. బయటి సెంటరు ట్యూబులు వ్యానులో ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి వస్తాయి. రంగు గడిలో జంట గీతలు.

ఆవిడకు శనివారం మందు మొదలైంది. మొన్న మంగళవారం కణాల లెక్క కోసం రక్తమివ్వడానికి నా దగ్గరికే వచ్చింది. మొహం పీక్కుపోయి, చేతిలో ప్లాస్టిక్ గిన్నె పట్టుకుని, వాంతి వస్తుందేమోనని. సూది తీశాక నవ్వింది. “మీ చేతికి నొప్పి తెలియదండీ,” అంది.

పరాయివాళ్ళకైతే ఇలా చేస్తావా, అని కదా అక్క అడిగింది.

ఫ్రిజ్ తలుపు తీసేసరికి నాలుగుకు రెండు నిమిషాలుంది. గురువారపు ర్యాకు అన్నిటికంటే ముందే ఉంది, ఇవాళ వెళ్ళిపోవాల్సింది కాబట్టి. తొమ్మిదో ట్యూబు తీశాను. స్టిక్కరు చుట్టూ తిరిగి ఉంది. లోపలేముందో కనిపించదు. వెనక చక్రాల చప్పుడైంది. చెత్త బండి తోసే తాత గ్లవ్సులు తొడుక్కుంటూ లోపలికి వచ్చాడు. అందరూ తాత అంటారు గాని, మా ఇద్దరికీ ఒకే ఏడు రిటైర్‌మెంటు.

“వారం నిండిన ర్యాకు ఇదేనా అమ్మా?” అంటూ ర్యాకును ఎత్తి పసుపు సంచిలో వంచేశాడు. ట్యూబులు గలగలమని జారాయి. మిగిలింది నా చేతిలోదే.

నేను స్టిక్కరు మూల కింద గోరు పెట్టాను. ‘ఇదొక్కటేనా’ అని డాక్టరమ్మ అడిగిన మాట, ‘ఒక్కటే’ అని నేను చెప్పిన మాట, రెండూ చెవిలోనే ఉన్నాయి. పీకకపోతే ఇది పసుపే. రిజిస్టరు చెబుతోంది, నా సంతకం చెబుతోంది. లోకంలో ఎవరూ ఇంకోలా చెప్పలేరు.

పీకాను. మంగళవారం ఆవిడ పట్టుకొచ్చిన ఆ ప్లాస్టిక్ గిన్నె ఏ రంగో, లోపల అచ్చం అదే రంగు. గులాబీ.

“అదొక్కటీ ఇచ్చేయండమ్మా, సంచి మూతి కట్టేస్తా,” అని తాత చెయ్యి చాపాడు.